పన్నెండు పేజీల కృతజ్ఞత

ఎనభైల మొదట్లో మా తిరుపతిలో కొత్తగా ఎం.ఏ. పాసైన కుర్రవాడికి తెలియని విషయమంటూ ఉండేది కాదు. తెలియనిది ఏదైనా ఉంటే, సరిగ్గా దాన్ని బోధించే ఉద్యోగమే వెతుక్కుంటూ వచ్చేది. నాకూ అలాగే వచ్చింది. యూనివర్సిటీ ఇంగ్లీషు శాఖలో ఒక లెక్చరరుగారు పైచదువుకని సెలవు పెడితే, ఆ ఖాళీలో నన్ను తాత్కాలికంగా కూర్చోబెట్టారు. అందరికంటే చిన్నవాణ్ణి కాబట్టి అందరూ వద్దన్న క్లాసు నా నెత్తిన పడింది. విదేశాల నుంచి వచ్చి ఇక్కడ పరిశోధన చేస్తున్న విద్యార్థులకు థీసిస్ ఎలా రాయాలో నేర్పాలి. వారానికి మూడు రోజులు, మధ్యాహ్నం రెండు గంటలకు, రేకుల షెడ్డులో. (తిరుపతి ఎండల్లో రెండు గంటలప్పుడు రేకుల కింద కూర్చున్నవాడు చదువు కోసం ఏం త్యాగమైనా చేయగలడు.) అప్పటికి నేను థీసిస్ రాయలేదు సరికదా, ఒక్కటి కూడా పూర్తిగా చదివి ఎరగను. విదేశాల సంగతి దేవుడెరుగు, తూర్పు దిక్కున నాయుడుపేట దాటి వెళ్ళింది రెండేసార్లు, రెండుసార్లూ పెళ్ళిళ్ళకే.

చేతకాని పని మీద పడ్డప్పుడు అందరూ చేసేదే నేనూ చేశాను, గొంతు పెంచాను. లైబ్రరీ నుంచి రాత పద్ధతుల మీద ఒక లావుపాటి పుస్తకం తెచ్చుకుని, విద్యార్థులకంటే ఒక అధ్యాయం ముందుండేలా చదువుకునేవాణ్ణి. సోమవారం నేను నేర్చుకున్నది మంగళవారానికి నా జీవితానుభవంగా మారిపోయేది. ఆ పుస్తకంలో నాకు బాగా నచ్చిన సూత్రం ఒకటుంది. ఆధారం చూపలేని వాక్యం రాయకూడదు. క్లాసులో ఏ ప్రశ్నకు జవాబు తెలియకపోయినా ఈ సూత్రం ఆదుకునేది. ఎవరు ఏం రాసుకొచ్చినా కళ్ళజోడు సర్దుకుని (చూపు బాగానే ఉండేది, కళ్ళజోడు పెద్దరికం కోసం) దీనికి ఆధారం ఏదని అడిగేవాణ్ణి. పాపం, తలలు వంచుకుని వెతుక్కునేవాళ్ళు. మొత్తం ఎనిమిది మంది, మారిషస్, మలేషియా, ఇథియోపియా, ఇంకా ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్ళు. అందరూ వయసులో నాకంటే పెద్దవాళ్ళే.

వాళ్ళందరిలో నా మాటను నిజంగా నమ్మిన మనిషి ఒక్కడే. సూడాన్ నుంచి వచ్చినాయన. ఏ గుమ్మంలోకైనా తల వంచి రావలసినంత పొడుగు. హాస్టల్ మెస్సులో వడ్డించే ఆమె ఆయన్ను ‘పొడుగప్ప’ అనడం మొదలుపెడితే అదే పేరు యూనివర్సిటీ అంతా పాకింది. ముప్పై ఆరేళ్ళవాడు. వాళ్ళ దేశంలో వ్యవసాయ శాఖలో ఉద్యోగం, ఇద్దరు ఆడపిల్లలు. అక్కడా వేరుశనగే, ఇక్కడా వేరుశనగే కాబట్టి మూడేళ్ళు సెలవు పెట్టి వచ్చి, మన మెట్టరైతుల వేరుశనగ సాగు మీద థీసిస్ రాస్తున్నాడు. ఎనిమిది నెలలు పూతలపట్టు చుట్టుపక్కల పల్లెల్లో సైకిలు మీద తిరిగి రైతుల్ని అడిగి అడిగి రాసుకొచ్చాడు, పనిలో పనిగా వాళ్ళ తెలుగు కూడా పట్టుకొచ్చాడు. నాతో ఇంగ్లీషులో గంభీరంగా మాట్లాడుతూ ఉన్నట్టుండి "దీనికి ఆధారం యాడుండాది సార్?" అనేవాడు. ఆ ముఖంలో వెటకారమనేది నేను ఏనాడూ చూడలేదు. అదే నాకు మొదటి నుంచీ కొంచెం భయంగా ఉండేది.

ఆయనకు గైడు ఆర్థికశాస్త్రంలో పెద్ద ప్రొఫెసరు. విద్యార్థులు ఆయన చాటున పిలుచుకునే పేరు ‘మంచిది సార్’. ఎవరు ఏ అధ్యాయం తీసుకెళ్ళినా తలెత్తకుండా "మంచిదప్పా, ఆడ పెట్టిపో" అనేవారు. ఆడ అంటే కిటికీ పక్కన ఉన్న బల్ల. ఆ బల్ల ఎక్కిన కాగితాలు మూడు నెలల తరువాత కాస్త పసుపు తేలి, రెండోసారి ‘మంచిది’ అనిపించుకుని బయటికి వచ్చేవి. మనిషి చెడ్డవారు కాదు. వయసులో ఉన్నప్పుడు ఎండనక వాననక పల్లెలు తిరిగి పనిచేసినవారే. తరువాత పేరు వచ్చింది, పేరుతో కమిటీలు వచ్చాయి, కమిటీలతో ప్రయాణాలు వచ్చాయి. పాపం, ఇక చదవడానికి తీరిక ఎక్కడిది.

పొడుగప్ప థీసిస్ నూట ఎనభై పేజీలకు పూర్తయింది. మే నెల మొదట్లో ఆయన సెలవు అయిపోతుంది, ఆలోగా థీసిస్ సమర్పించి వెళ్ళి పనిలో చేరకపోతే ఉద్యోగం ఉండదు. మార్చి చివర్లో బజారువీధిలో ఉన్న టైపు ఇన్‌స్టిట్యూట్‌లో ఇచ్చాడు. అక్కడి టైపిస్టు మామ (మా అందరికీ మామే) మా యూనివర్సిటీ థీసిస్‌లు కొట్టీ కొట్టీ పండిపోయినవాడు. కాగితాలు లెక్కచూసి, ఒక పేజీ తక్కువుందని చెప్పి, సొరుగులోంచి ఒక కాగితం తీసి ఇచ్చాడట. కృతజ్ఞతల పేజీ. మా దగ్గర థీసిస్ ఏ శాస్త్రంలో ఉన్నా ఆ పేజీ ఒక్కటే. ముందు ఏడుకొండలవాడి దయ, తరువాత గైడుగారి ‘అనుక్షణ మార్గదర్శనం’, తరువాత గైడుగారి భార్య ‘మాతృవాత్సల్యం మరియు వేళకు అందించిన కాఫీ’, తరువాత శాఖాధిపతి, లైబ్రేరియను, కన్నవాళ్ళు, చివరన ‘చక్కగా టైపు చేసిన’ మామ. పేర్లు ఉండాల్సిన చోట చుక్కలుంటాయి, ఎవరి పేర్లు వాళ్ళు నింపుకోవాలి. ఆ పేజీని ఎవరూ నిజమనుకునేవాళ్ళు కాదు, అబద్ధమనీ అనుకునేవాళ్ళు కాదు. శుభలేఖలో ‘సకుటుంబ సపరివార సమేతంగా’ అన్నట్టు, ఉండాలి కాబట్టి ఉండేది.

పొడుగప్ప ఆ కాగితాన్ని మా క్లాసుకు తెచ్చాడు. తాను గైడుగారి ఇంటికి ఎప్పుడూ వెళ్ళలేదని, ఆ ఇంట్లో కాఫీ తాగలేదని, అసలు తనకు కాఫీ అలవాటే లేదని చెప్పి, మీరు నేర్పిన సూత్రం ఈ పేజీకి వర్తిస్తుందా లేదా అని అడిగాడు. మిగతా ఏడుగురూ పెన్నులు పట్టుకుని నా వంక చూస్తున్నారు. అక్కడ ‘నాయనా, ఈ ఒక్క పేజీని వదిలేయ్’ అని ఉంటే ఈ కథే లేదు. కానీ నాకు ఇరవై నాలుగేళ్ళు, ముక్కు మీద కళ్ళజోడు ఉంది. సూత్రం అట్ట నుంచి అట్ట వరకు వర్తిస్తుందని, మినహాయింపు ఉంటే అది సూత్రమే కాదని ఒక పావుగంట ఉపన్యాసం ఇచ్చాను. మలేషియా ఆయన దాన్ని నోటు పుస్తకంలో రాసుకుని కింద గీత కూడా గీసుకున్నాడు. ఆ రోజు నేను ఇంటికి చాలా సంతోషంగా నడిచి వెళ్ళాను.

వారం తరువాత ‘మంచిది సార్’ నుంచి కబురు వచ్చింది. వెళ్ళేసరికి ఆయన ముందు పొడుగప్ప థీసిస్ ఉంది. గైడు సంతకం చేయాల్సిన సర్టిఫికెట్టు (‘ఈ గ్రంథమును నేను ఆమూలాగ్రము పరిశీలించితిని’ అని ఉంటుంది) సంతకం లేకుండా ఉంది. దాని ఎదుటి పేజీని నా వైపు తిప్పారు. ఇంగ్లీషులో ఉన్న ఆ కృతజ్ఞతను తెలుగులో చెబితే ఇలా ఉంటుంది. ‘నా గైడు మొదటి అధ్యాయంలో పన్నెండు పేజీలు చదివారు. రెండవ పేజీలో ఒక కామా సరిచేశారు. ఆ కామా అవసరమైనదే. వారికి నా కృతజ్ఞతలు.’ పన్నెండు అన్న అంకె మీద చిన్న ఒకటి వేసి, పేజీ అడుగున వివరణ ఇచ్చాడు. ‘పన్నెండవ పేజీ తరువాత వారి టిక్కు గుర్తులు కనిపించలేదు.’ ఆధారం చూపించే పద్ధతి అచ్చంగా నేను నేర్పినట్టే ఉంది, ఎక్కడా వంక పెట్టడానికి లేదు. ఇంకో సందర్భంలో అయితే నూటికి నూరు వేసి ఉండేవాణ్ణి.

"నువ్వేనా అప్పా, వీళ్ళకు రాసేది నేర్పించేది?" అన్నారు సార్, గొంతు పెంచకుండా.

అవునన్నాను.

"శానా బాగా నేర్పించినావు. నీ పోస్టు జూన్‌తో అయిపోతుంది గదా? మళ్ళీ పొడిగించే కమిటీలో నేనూ ఉండాను."

సంతకం లేని ఆ థీసిస్‌ను నా చేతిలో పెట్టారు. బయట చెట్టు కింద నిలబడి చొక్కా చెమట ఆరేదాకా ఆలోచించాను. మా నాయన నా ఉద్యోగం సంగతి చంద్రగిరిలో ఉన్న బంధువులందరికీ చెప్పేసి ఉన్నాడు, అందులో ‘తాత్కాలికం’ అన్న ముక్క మాత్రం చెప్పలేదు. సూత్రాలదేముంది, పుస్తకంలో ఇంకా చాలా ఉన్నాయి. ఆ సాయంత్రమే హాస్టల్‌కు వెళ్ళాను.

ఏడాదిపాటు నేర్పినదాన్ని ఒక్క గంటలో వెనక్కి తీసుకోవడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. కృతజ్ఞతల పేజీ థీసిస్‌లో భాగం కాదన్నాను. అది దండ లాంటిది, దండలో పూలు ఎవరూ లెక్కపెట్టరన్నాను. మీ పిల్లలిద్దరినీ తలుచుకోండి, ఈ ఒక్క పేజీ కోసం ఉద్యోగం పోగొట్టుకుంటారా అన్నాను. చివరికి నేనే కాగితం తీసుకుని ఆ పేజీ రాసిపెట్టాను. అంత చక్కటి ఇంగ్లీషు నా జన్మలో మళ్ళీ రాయలేదు, గైడుగారిని దీపంతో పోల్చడం మొదలుపెట్టి సముద్రం దాకా తీసుకెళ్ళాను. పొడుగప్ప పెన్సిలు పట్టుకుని రెండుసార్లు చదివాడు. వాక్యం తరువాత వాక్యానికి ప్రశ్నార్థకం పెట్టుకుంటూ వెళ్ళాడు. నేను నేర్పిన అలవాటే. అంతా అయ్యాక, ఇది ఎవరి గురించి సార్ అని అడిగాడు.

నాకు కోపం వచ్చింది. కోపంలోనూ ఆయన ఉద్యోగం, ఆయన పిల్లలు, ఆయన సెలవు అంటూ ఆయన గురించే మాట్లాడాను. నా జూన్ సంగతి మాత్రం నోటిదాకా వచ్చి ఆగిపోయింది. నా కోసం అబద్ధం రాయమని అడగడానికి సిగ్గేసింది, ఆయన కోసం రాయమని అడగడానికి సిగ్గేయలేదు. ఆయన పెన్సిలు కింద పెట్టాడు. తరువాత మెల్లగా, "చేయని పనికి కృతజ్ఞత చెబితే, చేసిన పనికి చెప్పినప్పుడు నా మాటకు విలువేముంటుంది?" అన్నాడు. వాదించడానికి వచ్చిన మనిషిలా లేడు, నిజంగానే జవాబు కోసం అడిగినట్టున్నాడు. నేను లేచి ఇంటికి వచ్చేశాను.

మరునాడు పొద్దున ఏడుకు మా ఇంటి గుమ్మంలో పొడుగప్ప నిలబడి ఉన్నాడు, చంకలో థీసిస్. నన్ను రమ్మని తెలుగులోనే చెప్పాడు. "సార్ సదవలేదు, దానికే నేను రాయలేకపోతా ఉండాను. సదివితే రాస్తా. పదండి, పోయి సదివి ఇనిపిస్తాము." రాతను మార్చడం కుదరకపోతే జరిగినదాన్ని మార్చవచ్చునని నా పుస్తకంలో ఎక్కడా లేదు. చొక్కా తగిలించుకుని వెంట నడిచాను.

ప్రొఫెసరుగారు క్వార్టర్సు వరండాలో పేపరు చదువుకుంటున్నారు. పొడుగప్ప తల వంచి నమస్కారం పెట్టి, తప్పు తనదేనని, సార్ చదవడం పూర్తయ్యేదాకా ఆగకుండా తొందరపడ్డానని, అందుకే మొదటి పేజీ నుంచీ తానే చదివి వినిపించడానికి వచ్చానని విన్నవించుకున్నాడు. సార్ ఆ ముఖంలో వెటకారం కోసం వెతికారు. నాకు తెలుసు, దొరకదు. ఏదో కమిటీ పని ఉందని చెప్పబోతుంటే, లోపలి నుంచి ఆయన భార్య చింతపండు చేటతో వచ్చి గుమ్మంలో కూర్చున్నారు. చిత్తూరు దిక్కు రైతుల ఇంటి ఆడబిడ్డ ఆమె. "ఏం పుస్తకమబ్బా అది? చెనక్కాయల మీదనా? సదవమను, నేనూ ఇంటా" అన్నారు. ఇక ఆయనకు తప్పించుకునే దారి లేకపోయింది.

అలా పూటకు ఇరవై పేజీల లెక్కన మొదలైంది. పొడుగప్ప ఒక పేజీ ఇంగ్లీషులో చదివేవాడు, తరువాత అమ్మగారి కోసం దాని సారాంశం పూతలపట్టు తెలుగులో చెప్పేవాడు, ఆయనకు మాట తట్టనప్పుడు నేను అందించేవాణ్ణి. (నేను అందించిన పుస్తకాల మాట అమ్మగారికి అర్థం కాక, మళ్ళీ ఆయనే విడమరిచి చెప్పేవాడు.) ఆమె గింజలు తీస్తూ వినేవారు, మధ్యలో లేచి మాకు మజ్జిగ ఇచ్చేవారు. సార్ మొదటి మూడు రోజులు పేపరు చాటునే ఉన్నారు. నాలుగో రోజు పేపరు ఒళ్ళోకి దిగింది.

ఆరో రోజు నాలుగో అధ్యాయం. సాగులో ఏ పనికి ఎందరు మనుషులు కావాలో, ఎన్ని రోజులు పడతాయో చెప్పే పట్టిక అది. దున్నడం, విత్తడం, కలుపు తీయడం అన్నీ చదివి, విత్తనం కాయలు వలిచే పని దగ్గరికి వచ్చి, సున్న అని చదివాడు. ఇంట్లోనే అయిపోతుంది కాబట్టి ఆ పనికి మనుషులు అక్కరలేదని రైతులు చెప్పారట. అమ్మగారి చెయ్యి చేటలో ఆగిపోయింది.

"సున్న అని ఎవురు సెప్పినారప్పా?" అన్నారు. "మొగోళ్ళను అడిగింటావు. పొద్దున లేసేటప్పటికి గింజలు సంచిలో ఉండేది ఒగటే వాళ్ళకు తెలుసు. మిషన్లో ఆడిస్తే గింజ పగిలి మొలక రాదు, అన్నీ చేత్తోనే వలవాల. వానకు ముందర నెలంతా మాయమ్మ బొటనవేలికి గోరే ఉండేది కాదు. అది సున్ననా?"

పొడుగప్ప పుస్తకం మూసేశాడు. ఆయన ముఖం అంత చిన్నబోగా నేను ఎప్పుడూ చూడలేదు. ఎనిమిది నెలలు తిరిగి రెండు వందల మందిని అడిగినవాడు, అందులో ఒక్క ఆడమనిషినీ అడగలేదు. నేను ఏడాదిపాటు ఆధారం, ఆధారం అని అరిచినవాణ్ణి, ఆ పట్టికను నాలుగుసార్లు చూసి ‘భేష్’ అని రాసినవాణ్ణి. అప్పుడు సార్ కుర్చీలోంచి లేచారు. పేపరు కింద పడినా చూసుకోలేదు. "ఇది మంచిది కాదప్పా" అన్నారు. ఆ నోటి నుంచి ఆ మాట విన్నవాళ్ళు మా యూనివర్సిటీలో ఎవరూ లేరు. లోపలికి వెళ్ళి పెన్సిలు తెచ్చుకుని, అక్కడే నేల మీద కూర్చుని, పట్టిక మొదటి నుంచి చదవడం మొదలుపెట్టారు. ఆ వయసులో కూడా ఆయన ఎంత వేగంగా తప్పులు పట్టుకున్నారో చూస్తే, కిటికీ పక్క బల్ల మీద ఎంత మనిషి పడి ఉన్నాడో అని బాధేసింది.

మరునాడు ముగ్గురమూ బస్సెక్కి పూతలపట్టు వెళ్ళాము. రెండు రోజులు ఇళ్ళ వెనక వసారాల్లో కూర్చుని ఆడవాళ్ళను అడిగాము. సార్ అడుగుతుంటే వాళ్ళు నవ్వారు, ఈ మాట అడిగినవాడు ఇంతవరకూ లేడన్నారు. మిగిలిన మూడు పొద్దులూ తిరిగొచ్చాక పూర్తయ్యాయి. టైపిస్టు మామ సణుక్కుంటూ నాలుగో అధ్యాయం మళ్ళీ కొట్టాడు. గడువుకు రెండు రోజుల ముందు పొడుగప్ప కొత్త కృతజ్ఞతల పేజీతో థీసిస్ తెచ్చి సార్ ముందు పెట్టాడు. నేనూ పక్కనే ఉన్నాను.

సార్ పైకి చదివారు. ‘నా గైడు తొమ్మిది పొద్దులు ఈ గ్రంథాన్ని మొదటి నుంచి చివరి వరకు విన్నారు. నాలుగో అధ్యాయాన్ని నా చేత మళ్ళీ రాయించారు. వారి భార్య మాకు మజ్జిగ ఇచ్చారు, చదువుకున్న ముగ్గురం చూడని తప్పును చూశారు.’ అమ్మగారు లోపలి నుంచి, ఇంకోసారి చదవమన్నారు. సార్ మళ్ళీ చదివి, కిందికి వచ్చారు. కింద ఉన్నది నా గురించి. ‘నాకు రాయడం నేర్పిన ఉపాధ్యాయుడు ఒక సాయంత్రం వచ్చి, తన సూత్రాన్ని తానే వదులుకుని, అబద్ధం రాయమని నన్ను బతిమాలారు. తన కోసం కాదు, నా ఉద్యోగం కోసం, నా బిడ్డల కోసం. అంత ప్రేమను నేను ఈ ఊళ్ళో ఊహించలేదు.’

సార్ చదవడం ఆపి, కళ్ళద్దాల మీదుగా నా వంక చూశారు. జూన్ సంగతి తెలిసినవాళ్ళం ఆ గదిలో ఇద్దరమే. పొడుగప్ప చిరునవ్వుతో నిలబడి ఉన్నాడు, మంచిమాట రాశానని తృప్తిగా. అప్పుడు నోరు విప్పి ఉండాల్సింది. ఏ క్లాసులోనైనా అలాంటి వాక్యం కనిపిస్తే ఎర్ర సిరాతో కొట్టేసేవాణ్ణి. గోడ మీద కేలెండరు వైపు చూస్తూ నిలబడ్డాను. "మంచిది" అన్నారు సార్, సంతకం పెట్టేశారు.

నా పోస్టు పొడిగించారు. తరువాత ఖాయమైంది, తరువాత నేనూ గైడునయ్యాను, నాకూ ఒక బల్ల వచ్చింది. పొడుగప్ప వెళ్ళేటప్పుడు రైల్వేస్టేషన్లో నా రెండు చేతులూ పట్టుకుంటే చెబుదామనుకున్నాను, రైలు కదిలేదాకా మాటలు కూడదీసుకుంటూనే ఉన్నాను. నల్ల రెక్సిను అట్ట వేసిన ఆ థీసిస్ లైబ్రరీలో చాలాకాలం ఉంది. నూట ఎనభై పేజీల్లో తప్పుడు వాక్యం ఒక్కటే, అది నన్ను మెచ్చుకున్న వాక్యం. ఆయన తన రాతను నిలబెట్టడానికి జరిగినదాన్ని మార్చినట్టే, నేనూ ఆయన రాసినలాంటి మనిషిగా మారాలని చూశాను. నా దగ్గరికి అధ్యాయం తెచ్చిన ప్రతి విద్యార్థినీ కూర్చోబెట్టి, పైకి చదివి వినిపించమనేవాణ్ణి, పేజీ వదలకుండా వినేవాణ్ణి. వింటూ వింటూ కునుకు తీసిన మధ్యాహ్నాలు లేకపోలేదు. కానీ మెలకువ వచ్చాక ఎక్కడ నిద్రపోయానో ఒప్పుకుని, అక్కడి నుంచి మళ్ళీ చదివించుకునేవాణ్ణి.